పేరుంది, బొమ్మ లేదు

యాంగన్, తామ్వే
జూన్, ఆదివారం

ప్రసాదన్నయ్యకు,

హైమ నమస్కారాలు. నువ్వూ పెదనాన్నా క్షేమమని తలుస్తాను.

ఈమెయిల్‌ని ఉత్తరంలా రాస్తోందేమిటని నవ్వకు. ఫోన్లో మాట సగంలో తెగిపోతోంది, మిగతా సగం అరుపులకే సరిపోతోంది. కరెంటు ఉన్నప్పుడు ఆఫీసులో టైపు చేసి పెట్టుకుని, నెట్టు దొరికినప్పుడు పంపుతాను. నువ్వూ అలాగే రాయి. తెలుగులోనే రాయి. పెద్దమ్మ దగ్గర దిద్దుకున్న అక్షరాలు, వాడకపోతే నాకు నిలవవు.

అసలు సంగతికి వస్తాను. అమ్మకు ఒంట్లో బాగోలేదు. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది. డాక్టరమ్మ ఖిన్ తాన్ చాలా నెమ్మదస్తురాలు, కూర్చోబెట్టి చెప్పింది. ఆ మచ్చ ఈ మధ్య వచ్చిందైతే ఆపరేషన్ చేసి తీసెయ్యాలట. ఎప్పుడో మానిపోయిన జబ్బు తాలూకు గుర్తయితే దాని జోలికే వెళ్లనక్కర్లేదట. రెంటిలో ఏదో తెలియాలంటే పాత ఫిల్ము ఒకటి కావాలి. అందులోనూ అదే మచ్చ అంతే ఉంటే ఇక భయం లేదు. లేకపోతే కొయ్యాలి. అమ్మ గుండె సంగతి నీకు తెలుసు. మత్తు ఇస్తే తట్టుకుంటుందని ఎవరూ నాకు హామీ ఇవ్వడం లేదు.

అమ్మను అడిగితే, 'తీయించుకున్నానే ఒకపాలి, మీ ఆఫీసోల్లదే, పబేడాన్‌లో. ప్రసాదు అప్పుడు అక్కడే పన్జేసేవోడు' అంది. నా ప్రాణం లేచొచ్చింది. పబేడాన్‌లోని మా కంపెనీ ఎక్స్‌రే కేంద్రంలో తీసిన ఫిల్ములన్నీ మా మెషీన్ల గదికే వస్తాయి కదా. ఆ గది కట్టింది నువ్వే కదా.

కానీ తెర మీద పేరు కొట్టి వెతుక్కునే ప్రోగ్రాముకి గడువు అయిపోయింది, కంపెనీ మళ్లీ కొనలేదు. ఇప్పుడున్నదల్లా ఒక నల్ల కిటికీ, అందులో మినుకుమినుకుమనే గీత. దాన్ని చూస్తే లెక్కల మాస్టారి ముందు నిలబడ్డట్టే ఉంటుంది నాకు. వెతుక్కోవడానికి మా మేనేజరు ఒప్పుకున్నాడు. ఎలా వెతకాలో చెప్పు.

నీ చెల్లెలు,
హైమ

*

విశాఖపట్నం
జూన్

చెల్లెమ్మ హైమకు,

పిన్ని సంగతి చదివి మనసు మనసులో లేదు. నువ్వు బెంబేలు పడకు. ఫిల్ము తీసి ఉంటే దొరుకుతుంది.

ముందు ఒక మాట అర్థం చేసుకో. అది ఒక బీరువా కాదు. ఒక్కో ఫైలునీ ముక్కలు చేసి, ఆ ముక్కలను వేర్వేరు మెషీన్లలో దాస్తుంది. ఒక్కో ముక్కకూ మూడు నకళ్లు ఉంచుతుంది, ఒక మెషీను చచ్చినా మిగతావి ఆదుకుంటాయని. ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి పెద్దమనిషిలాంటి మెషీను ఒకటి వేరే ఉంటుంది. దాని దగ్గర ఉండేవి పేర్లూ చిరునామాలే, బొమ్మలు ఉండవు. నువ్వు వెతికేటప్పుడు అడిగేది ఆ పెద్దమనిషినే.

నల్ల కిటికీలో పిన్ని పేరు మంగతో ఇలా కొట్టు:

hdfs dfs -find /films -iname "*manga*" -print

నక్షత్రాలంటే ముందూ వెనకా ఏమున్నా ఫరవాలేదని. ఆ కొటేషన్ గుర్తులు మాత్రం మరిచిపోకు. అవి లేకపోతే, నువ్వు నిలబడ్డ ఫోల్డరులో అలాంటి పేరేదైనా ఉంటే కిటికీ దాన్నే పట్టుకుని వేలాడుతుంది, అసలు చోటికి వెళ్లదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు, ఇది దానికి తలకిందులు.

అక్కడ మా అమ్మ ఫిల్ము కూడా ఉంటుంది. నీకు ఎదురుపడితే తెరవకు. ఆ ఫిల్ము చదివి 'పాత మచ్చ, మానిపోయింది, భయం లేదు' అని రాసిచ్చిన పెద్ద డాక్టరును నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ కాగితం చూసుకుని మేం ధైర్యంగా కూర్చున్నాం. అమ్మ దగ్గుతూనే ఉంది. తీరా తెలిసేసరికి రెండు ఊపిరితిత్తుల్లోనూ ఏమీ మిగల్లేదు, అమ్మా మిగల్లేదు. నేను ఆ ఉద్యోగమూ ఆ ఊరూ ఎందుకు వదిలేశానో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మళ్లీ ఆ గదిలోకి, కనీసం ఉత్తరంలోనైనా, నన్ను రప్పించింది పిన్నే. ఆవిడ కోసం కాబట్టి వస్తాను.

ఏం దొరికిందో రాయి.

ప్రసాదు

*

యాంగన్, తామ్వే
జూన్ చివర

అన్నయ్యకు,

దొరకలేదు.

మొదట నువ్వు వద్దన్న పనే చేశాను, కొటేషన్ గుర్తులు మరిచిపోయాను. నేనున్న ఫోల్డరులో ఎవరిదో మంగళవారం రిపోర్టు ఉంటే దాన్ని పట్టుకుని కూర్చుంది. నీ సామెత గుర్తొచ్చి నవ్వుకున్నాను. తర్వాత సరిగ్గా కొట్టాను. మంగాయమ్మలూ మంగమ్మలూ వచ్చారు, ఒక మంగరాజు కూడా వచ్చాడు. ఎవరి వయసూ అమ్మ వయసుతో కలవలేదు. అమ్మ బర్మా పేరుతో కూడా చూశాను. లేదు.

తారీఖును బట్టి వెతుకుదామంటే ఆ కమాండుకు తారీఖులు తెలియవట. పోనీ జాబితా అంతా తీసి చూద్దామంటే, అన్ని ఫైళ్ల మీదా ఒకే నెల ఉంది. పాత మెషీన్ల నుంచి కొత్తవాటికి మార్చినప్పుడు పాత తారీఖులు నిలబెట్టకుండా కాపీ చేశారట. ఎవరు ఎప్పుడు ఎక్స్‌రే తీయించుకున్నా, మా గదిలో మాత్రం అందరూ ఒకే నెలలో పుట్టినట్టు ఉన్నారు.

అమ్మను మళ్లీ అడిగాను. ఏ సంవత్సరం, ఏ కార్డు మీద వెళ్లావు అని. అప్పటిదాకా బాగానే మాట్లాడుతున్న మనిషి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. 'తీయించుకోలేదేమో లేవే, నాకు మతిమరుపు. ఒగ్గీ. కోసీనీ' అంది. నిన్నటిదాకా ఆపరేషన్ అంటే వణికిన మనిషి కోసీనీ అంటుందేమిటి? నాకు అర్థం కాలేదు.

డాక్టరమ్మ ఎక్కువ రోజులు ఆగలేనంది. మచ్చ నిజంగా చెడ్డదైతే ఆగేకొద్దీ ముప్పు కదా. ఇంకేదైనా దారి ఉందా?

హైమ

*

విశాఖపట్నం
జూలై

హైమకు,

ఉంది. పిన్ని తీయించుకున్న మాట నిజమే. నాకు ఇప్పుడు బాగా గుర్తొస్తోంది, ఆ రోజు అమ్మతో పాటు పిన్ని కూడా పబేడాన్ వెళ్లింది. అప్పట్లో మా కంపెనీ ఉద్యోగుల తల్లిదండ్రులకు ఉచిత కార్డులిచ్చింది. అమ్మకు ఒకటి వచ్చింది. పిన్నికి వేరే కార్డు లేదు కానీ, కౌంటరులో బతిమాలితే ఒక్కోసారి మా కార్డు కిందే ఇంకొకరికి తీసేవాళ్లు. అలా తీసి ఉంటే పేరు రాయకుండా వదిలేసి ఉంటారు. పేరుతో వెతికితే ఎలా దొరుకుతుంది?

అందుకని పేరు వదిలెయ్. ఉద్యోగుల కుటుంబాల ఫోల్డరు వేరే ఉండేది. దాని లోపలిదంతా జాబితా తీయించి, అందులో నా ఉద్యోగం నంబరు ఉన్న వరసలు మాత్రం ఏరు. ఎలా ఏరాలో దీనికి జతచేశాను, ఉన్నది ఉన్నట్టు కొట్టు. అమ్మ ఫిల్ము వస్తుంది. దాని పక్కనే పిన్నిది ఉండాలి.

పిన్నితో చెప్పు, నేను వెతుకుతున్నానని. ఆవిడ ఆ రోజు అమ్మకు తోడు వెళ్లకపోతే అమ్మ ఆ గడప తొక్కేదే కాదు. ఆ ఉపకారం నేను మరిచిపోలేదు.

ప్రసాదు

*

యాంగన్, తామ్వే
జూలై

అన్నయ్యకు,

ఇక వెతకడం ఆపేద్దాం. అమ్మ ఆపరేషన్‌కు ఒప్పుకుంది. వచ్చే వారం చేర్చుకుంటామన్నారు. నువ్వు చాలా శ్రమ తీసుకున్నావు. పెదనాన్నను అడిగానని చెప్పు.

హైమ

*

విశాఖపట్నం
జూలై

హైమా,

ఇదేం ఉత్తరం? టెలిగ్రాములు పోయి చాలా కాలమైంది.

నేను చెప్పిన జాబితా తీశావా లేదా? తీస్తే ఏం వచ్చింది? తియ్యకపోతే ఎందుకు తియ్యలేదు? మత్తు తట్టుకోలేని మనిషిని బల్ల మీద పడుకోబెట్టడానికి తొందర పడుతున్నారు, ఒక వరస చదవడానికి బద్ధకిస్తున్నారు.

చిన్నప్పుడు పలక పగలగొట్టినా ఇలాగే మాట తప్పించి పెదనాన్న సంగతి ఎత్తేదానివి. నువ్వేదో దాస్తున్నావు. నాకు ఇంకో తల్లి మిగిలింది, హైమా. ఒక్కతే మిగిలింది. దాచకు.

ప్రసాదు

*

యాంగన్, తామ్వే
జూలై

అన్నయ్యకు,

దాచాను. అమ్మ తన మీద ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను. ఒట్టు నిలబెట్టుకుని అమ్మను పోగొట్టుకోలేను. కూర్చుని చదువు.

నువ్వు చెప్పిన జాబితా తీశాను. నీ నంబరు మీద ఒక్కటే వరస వచ్చింది. పెద్దమ్మ పేరు. పక్కన ఇంకేమీ లేదు. ఇంటికి వెళ్లి అమ్మతో, 'పెద్దమ్మది దొరికింది కానీ నీది లేదమ్మా' అన్నాను. కూర తరుగుతోంది. కత్తిపీట మడిచేసి, 'తెరిసినావేటి?' అంది. లేదన్నాను. 'ప్రసాదుకి సెప్పినావేటి?' అంది. అప్పుడు చూశాను అమ్మ ముఖం. నాన్న పోయిన రోజు కూడా అలా లేదు.

పెద్దమ్మను 'అప్ప' అంటూ అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

'మీ పెదనాన్న అప్పుడు పడవ మీద బస్సీన్ ఎల్లీసినాడు. గాలివాన. కబురూ కాకరకాయా లేదు. ప్రసాదు ఇచ్చిన కార్డు పట్టుకొని నానూ అప్పా పబేడాన్ ఎల్నాం. లోపల నర్సు మెళ్లో ఉన్నయ్యన్నీ తీసీమంది. అప్ప గొలుసు తీసీసింది. పుస్తెల తాడు కాడికొచ్చీసరికి సెయ్యి ఆగిపోనాది. "మనిసి నీల్ల మీదున్నాడే మంగా. ఈయేల మెడ బోసి సేసుకోలేను" అంది. ఆ నర్సు ఎంత సెప్పినా ఇనలేదు.'

'మరి వచ్చెయ్యకపోయారా?' అన్నాను.

'వచ్చీద్దామన్నాను. "కార్డు పాడైపోద్ది, ప్రసాదు కోప్పడతాడు. నీ మెళ్లో ఎలాగూ ఏటీ లేదు, నువ్వెల్లు. ఒక్క కడుపున పుట్టినోల్లం, ఒకే కుండలో తిన్నోల్లం. నీ గుండెల్లో లేనిది నా గుండెల్లోకి ఎక్కడినుంచొత్తాది" అంది. ఎల్నాను. పేరడిగితే అప్ప పేరే, సన్యాసమ్మ అన్నాను.'

కత్తిపీట తీసి మూలకు పెట్టింది. అప్పుడు తనే అంది.

'బాగుందని కాయితం వచ్చింది. అందరూ సంబరపడినారు. అది నాదని నాకు తెలుసు, హైమా. అప్ప దగ్గుతా ఉంటే నాకు తెలుసు. సెప్పీద్దామంటే అప్ప ఒద్దంది, పిల్లడు బాదపడతాడంది. ఆనక సెప్పడానికి అప్ప లేదు. ఇప్పుడు ఆ బొమ్మ నాదని సెప్పి నా పేనం కాపాడుకోమంటావేటి? ఆడి ముందు ఏ మొకం ఎట్టుకొని?'

అన్నయ్యా, నాకు అమ్మ మీద కోపంగా ఉంది. పక్కనే కూర్చుని ఏడ్చాను కూడా. రెండూ నిజమే.

ఇక అసలు అవసరం. ఆ ఫిల్ము తెరిచాను, నువ్వు వద్దన్నా తెరిచాను. తెరుచుకోలేదు. పెద్దమనిషి దగ్గర పేరుంది, బొమ్మ లేదు. ముక్కలు పోయాయని చూపిస్తోంది. ఆ ఫోల్డరును కొత్త మెషీన్లలోకి మార్చినప్పుడు, చోటు కలిసివస్తుందని ఒక్క నకలే ఉంచారట. మొన్నటి కరెంటు పోతల్లో ఆ డిస్కు పోయింది. నేను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

ఆ గది కట్టింది నువ్వు. ఇంకెక్కడైనా దాని నకలు మిగిలి ఉంటుందా? నిన్ను ఇది అడిగే హక్కు మాకు లేదు. అయినా అడుగుతున్నాను.

హైమ

*

విశాఖపట్నం
జూలై

హైమా,

ఫిల్ము దీనికి జతచేశాను. ఆ ఊరు వదిలేటప్పుడు ఒక నకలు వెంట తెచ్చుకున్నాను. పేరు అమ్మదే ఉంటుంది. అది ఎవరిదో డాక్టరమ్మకు నువ్వు చెప్పు. సంతకం కావాలంటే కార్డు నా పేరున ఇచ్చిందే కాబట్టి నేను చేసి పంపుతాను.

ముందు ఆసుపత్రికి వెళ్లు. మిగతా మాటలు ఇప్పుడు రాయలేను.

ప్రసాదు

*

యాంగన్, తామ్వే
ఆగస్టు

అన్నయ్యకు,

డాక్టరమ్మ రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టింది. పక్కటెముకలూ కలిశాయి, మెడ ఎముక వంపూ కలిసింది. అది అమ్మదేనని ఆవిడకు సందేహం లేదు. మచ్చ అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది, ఆవగింజంత కూడా పెరగలేదు. ఆపరేషన్ రద్దు చేసింది. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలంది. ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాను.

అమ్మ మాత్రం ఏడవలేదు, నవ్వలేదు. నీకు రాసిన సంగతి చెప్పేశాను, చెప్పకుండా ఎలా? ఒట్టు తప్పినందుకు నన్ను ఒక్క మాట అనలేదు. వేళకు కూర్చుంటుంది, అన్నం కలుపుతుంది, లేచిపోతుంది. పబేడాన్ నుంచి తనకిష్టమని వేడివేడి పూరీలు తెస్తే అవీ ముట్టలేదు. నేను ఆఫీసు నుంచి రాగానే ఒకటే ప్రశ్న. 'ప్రసాదు ఏటన్నాడు?'

ఏమీ అనలేదని చెబుతున్నాను. ఆ జవాబుతోనే అమ్మ సగమైపోయింది. నిన్ను ఏం రాయమనడానికీ నాకు నోరు లేదు. తిట్టాలనిపిస్తే తిట్టే రాయి. అదైనా చదివి వినిపిస్తాను.

హైమ

*

విశాఖపట్నం
ఆగస్టు

పిన్నికి నమస్కరించి ప్రసాదు రాసేది.

హైమ దీన్ని నీకు చదివి వినిపిస్తుంది. మధ్యలో తను ఆగితే ఆగనివ్వు.

పిన్నీ, నీ మీద కోపం వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఫిల్ము పంపిన రోజు నుంచీ నీకు ఏం రాయాలో తెలియక తిరిగాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో కార్డు తెచ్చేవాణ్ని కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇన్నేళ్లు ఒక డాక్టరును ఊరికే తిట్టుకున్నాను. ఆయన చదివింది నిజమే, అది నీ గుండెల సంగతి. ఆయన ఉన్నాడో లేడో కనుక్కోమని హైమతో చెప్పు.

ఇప్పుడు నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. ఆ పొద్దున్న అమ్మకూ నాకూ ఇంట్లోనే మాట పట్టింపు వచ్చింది. ఫిల్ము తీసేటప్పుడు పుస్తెలు తియ్యాలని చెబితే తియ్యనంది. పుస్తెలు ఎక్కువా, నేను ఎక్కువా అని అడిగాను. చెప్పులు తొడుక్కుని నీతో కలిసి బయల్దేరింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి గడపలో కూర్చుని ఉంది. నేను అడగకముందే, 'తీసినాన్రా. నువ్వు సెప్పినావని తీసినాను' అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్లు బతికాను. ఏటా అమ్మ తద్దినం నాడు, పని అంతా అయ్యాక, ఆ ఫిల్ము తెరిచి చూసుకునేవాణ్ని. గుండె నీడ కనిపించేది. దాని మీద పుస్తెల జాడ ఉండేది కాదు. నా కోసం మెడ బోసి చేసుకుంది కదా అని, చూసిన ప్రతిసారీ ఆ గుండెకు దణ్ణం పెట్టుకునేవాణ్ని. అది నీ గుండె, పిన్నీ. అది నీ మెడ. తీసిపెట్టడానికి ఏమీ మిగలని మెడ.

అమ్మ అబద్ధమాడిందని బాధ ఉంది. ఆ రోజు పుస్తెలు తియ్యలేదని తెలిశాక, చెబితే నువ్వు నమ్ముతావో లేదో, కొంచెం నెమ్మదిగా కూడా ఉంది. నా మాట కోసం తనకు ఇష్టం లేని పని చేయించానన్న బరువు ఒకటి దిగింది.

ఇదంతా నాన్నకు చెప్పకూడదనుకున్నాను. హైమ ఉత్తరం చదివిన రోజే నా ముఖం చూసి పట్టేశాడు. అడుగుతూనే ఉన్నాడు. నిన్న చదివి వినిపించాను. 'మనిసి నీల్ల మీదున్నాడే' అన్న చోట చెయ్యెత్తి ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను.

'ఆ దినం నాను నీల్ల మీద లేన్రా' అన్నాడు. 'గాలి సూసి సరంగు పడవ కట్టీసినాడు. బస్సీన్ రేవు ఒడ్డున సత్రంలో ఉన్నాం అందరం. కబురంపడానికి దారి లేదు. పొద్దల్లా పేకాడుకున్నాను. సుబ్బరంగా తిని తొంగున్నాను.'

అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. సాయంత్రం నా పక్కకు వచ్చి కూర్చుని, 'మంగకి ఉత్తరం రాయి' అన్నాడు. 'తప్పు దానిది కాదని రాయి. మీ అమ్మదీ కాదని రాయి. అన్నం తినమని రాయి.'

మరి ఎవరిదని నేను అడగలేదు. ఆయన రాయమన్నవి రాశాను. తిను, పిన్నీ.

నీ కొడుకు,
ప్రసాదు